మోహనలో బిగించే పెట్టెల గురించి

పర్లాకిమిడి

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

జీడి ఫ్యాక్టరీల్లో కెమెరా పక్కనే చిన్న కంప్యూటర్ పెట్టి, పప్పు గ్రేడింగ్ అక్కడికక్కడే చేయించే పని ఒప్పుకున్నావట, మీ అమ్మ చెప్పింది. మంచిదే. మన జిల్లాలోని మోహన వైపు సిగ్నల్‌ని నమ్ముకుని ఫొటోలన్నీ క్లౌడ్‌కి పంపి జవాబు కోసం చూస్తే, ఈలోగా పప్పు బెల్టు దాటిపోతుంది. అక్కడ ఎడ్జ్ కంప్యూటింగే, అంటే లెక్క కెమెరా పక్కనే తేల్చేయడమే సరి. కాకపోతే డేటా సెంటర్లో సర్వర్‌కి ఏసీ, కాపలా ఉంటాయి. నీ పెట్టెని, అదే ఆ చిన్న కంప్యూటర్‌ని, పట్టించుకునేవాడే ఉండడు.

ముందు కరెంటు చూసుకో. ఏదో రాస్తుండగా కరెంటు పోతే మెమరీ కార్డు పాడవ్వొచ్చు. దాని బదులు ఎస్‌ఎస్‌డీ డిస్క్ వాడు, చిన్న యూపీఎస్ తగిలించు. ఇంకోటి, గడియారం. ఇది చాలామందికి తట్టదు. బ్యాటరీ లేని కొన్ని బోర్డులు కరెంటు పోయి వచ్చాక 1970 జనవరి 1కి పోయి కూర్చుంటాయి. అప్పుడు సర్వర్ అసలైనదేనని రుజువు చేసే సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కాలేదని సర్వర్‌తో కనెక్షన్ తెంచేస్తాయి. టైమ్ కూడా వీపీఎన్ (సర్వర్‌కి వేసుకునే రహస్య దారి) లోంచే రావాలని సెట్ చేశావా, ఇక చూసుకో: టైమ్ సరిగా లేక వీపీఎన్ రాదు, వీపీఎన్ రాక టైమ్ రాదు. బోర్డుకి గడియారం బ్యాటరీ ఉందో లేదో కొనేముందే అడుగు.

ఫ్యాన్ ఉన్న పెట్టె వద్దు. గింజలు కాల్చే పొగలో పెంకు నూనె జిడ్డు ఉంటుంది, దుమ్ము దానికి అంటుకుని ఫ్యాన్ బిగుసుకుపోతుంది.

పాస్‌వర్డ్ పెట్టె పెట్టెకీ వేరుగా ఉండాలి. 2016లో మిరాయ్ వైరస్ కెమెరాల్నీ రౌటర్లనీ పట్టుకున్నది కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లు ఎవరూ మార్చకపోబట్టే. పెట్టెని ఎవడైనా చంకన పెట్టుకుపోయినా డేటా చదవలేకుండా డిస్క్ ఎన్‌క్రిప్ట్ చెయ్యి.

అప్‌డేట్లకి డిస్క్‌లో రెండు పార్టిషన్లు (విడి భాగాలు) ఉంచు, ఒకదాంట్లో పాత సాఫ్ట్‌వేర్, ఇంకోదాంట్లో కొత్తది. కొత్తది లేవకపోతే పాతది దానంతటదే లేవాలి. అన్ని ఫ్యాక్టరీలకీ ఒకేసారి పంపకు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాని ఏం చేసిందో చూశావుగా. అలాంటప్పుడు రోజుల తరబడి నెట్ లేకపోయినా గ్రేడింగ్ నడవాలి, లెక్కలు పెట్టెలోనే దాచుకోవాలి. డిస్క్ నిండితే ముందు ఏది చెరపాలో ఇప్పుడే తేల్చుకో.

రేటు మాట్లాడేటప్పుడు ఒక స్పేర్ పెట్టె, ఏడాది పొడుగునా అప్‌డేట్ల ఖర్చు కలిపే చెప్పు. ఓనర్లు పెట్టె కొనడానికి ఊఁ అంటారు, తర్వాత మెయింటెనెన్స్ అంటే మొహం తిప్పేస్తారు. కాగితం మీద రాయించుకోకపోతే మోహనకి సొంత పెట్రోలు పోసుకుని తిరిగేది నువ్వే.

మామయ్య