తేడాగా అచ్చయిన పది రూపాయల బిళ్ళ దాచుకుంటే నేరమా?

ప్రశ్న: మాది తెనాలి. కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఓ రాత్రి గల్లాపెట్టె లెక్క చూస్తుంటే పది రూపాయల బిళ్ళ ఒకటి తేడాగా కనిపించింది. మధ్యలో ఉండాల్సిన తెల్ల బిళ్ళ పక్కకి జరిగి, చుట్టూ ఉన్న పసుపు రింగు ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు సన్నగా ఉంది. ఇలాంటివాటికి గిరాకీ ఉందని తెలిసి అప్పటినుంచి ఏరి దాస్తున్నాను. ‘దొంగ నాణేలు దగ్గరుంటే జైలే’ అని మా బావమరిది భయపెడుతున్నాడు. ఈమధ్య ఒకాయన, మింట్‌లో (నాణేలు ముద్రించే ప్రభుత్వ కర్మాగారంలో) పనిచేసే తన చుట్టం ద్వారా మధ్య బిళ్ళ లేని రింగులు తెప్పిస్తానంటున్నాడు. కొనొచ్చా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అది దొంగ నాణెంలా లేదు. పది రూపాయల బిళ్ళలో రెండు లోహాలు ఉంటాయి. రింగునీ మధ్య బిళ్ళనీ కలిపి ఒకే దెబ్బతో ముద్ర వేస్తారు. రింగుకి రంధ్రం పక్కకి పడితే మధ్య బిళ్ళ కూడా పక్కకే కూర్చుంటుంది, ముద్ర మాత్రం తన చోటనే పడుతుంది. ఓసారి భూతద్దం పెట్టి చూడండి. మధ్య బిళ్ళ జరిగినా సింహాలు నాణేనికి సరిగ్గా నడుమ ఉంటే అది మింట్‌లో జరిగిన పొరపాటే అనుకోవచ్చు. సింహాలు పక్కకి ఒరిగినా, తలకిందులుగా ఉన్నా ఎవరో మధ్య బిళ్ళ ఊడగొట్టి మళ్ళీ బిగించారని అనుమానించాలి.

ఆ రెండో రకంతోనే చిక్కు. నేరాలకి శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 178వ సెక్షన్ ప్రకారం నాణెం బరువు తగ్గించడం, లోహం మార్చడం, రూపు మార్చడం కూడా నకిలీ చేయడం కిందికే వస్తాయి. శిక్ష యావజ్జీవం దాకా ఉంది. లేత్ మిషన్ దగ్గర కూర్చుని ‘ఎర్రర్ కాయిన్’ (తప్పుగా అచ్చయిన నాణెం) తయారుచేసేవాళ్ళకి ఈ సంగతి తెలిసినట్టు లేదు. నకిలీవి దగ్గర పెట్టుకోవడం 180వ సెక్షన్ కింద నేరం. అయితే అవి నకిలీవని తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి, అసలువిగా చలామణీ చేసే ఉద్దేశంతో ఉంచుకుంటేనే అది వర్తిస్తుంది. మింట్ తానే వేసిన నాణేనికి ఈ సెక్షన్‌తో పనిలేదు.

మీరు జాగ్రత్తగా చదవాల్సింది 2011 నాణేల చట్టంలోని 12వ సెక్షన్. దాని భాష చాలా విశాలం. నాణేలు కరిగించకూడదు, పాడుచేయకూడదు, పాడుచేసినవి దగ్గర ఉంచుకోకూడదు. ముఖ విలువకి మించి అమ్మడానికి, అవసరానికి మించి నాణేలు పోగుచేయకూడదు. మీరితే ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా. అక్షరాలా చదివితే సేకరించేవాళ్ళందరికీ దడ పుడుతుంది. కానీ స్మారక నాణేల్ని సేకరణదారులకి ముఖ విలువకి మించి అమ్మేది ప్రభుత్వ మింట్లే. నా ఉద్దేశంలో ఈ సెక్షన్ గురి చిల్లరని మూటలు కట్టి కరిగించేవాళ్ళ మీదే గానీ, గల్లాపెట్టెలో దొరికిన కొన్ని బిళ్ళల మీద కాదు. పైగా ‘అవసరం’ ఎంతో తేల్చేటప్పుడు మనిషి వ్యాపారం ఏమిటి, నాణేలు ఎలా వచ్చాయి, ఎక్కడ ఎలా ఉంచాడు అన్నవి చూడాలని చట్టమే చెబుతోంది. కిరాణా కొట్టు మీకు అక్కడ అక్కరకొస్తుంది. తేడా బిళ్ళల కోసం బస్తాలకొద్దీ చిల్లర కొని ఇంట్లో నింపితే మాత్రం ఆ రక్షణ పోతుంది.

ఇక ఆ ‘మింట్ చుట్టం’ సంగతి. వద్దు. చలామణీలోకి వచ్చి మీ చేతికి చేరిన బిళ్ళ వేరు, గేటు దాటి దొంగచాటుగా వచ్చిన రింగు వేరు. రెండోది దొంగసొత్తు. దొంగసొత్తని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ తీసుకుంటే న్యాయ సంహిత 317 కింద మూడేళ్ళ దాకా శిక్ష. డబ్బిచ్చి కొన్నా అది మీది కాదు, ఎందుకంటే తనకి లేని హక్కుని అమ్మేవాడు మీకు ఇవ్వలేడు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 27వ సెక్షన్ సారం ఇదే. ఇంకో మాట. మింట్ ఉద్యోగి కావాలనే తేడా బరువుతోనో, లోహంతోనో నాణెం బయటికి వెళ్ళేలా చేస్తే న్యాయ సంహిత 187వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. ‘ఫలానా రకం కావాలి’ అని ఆర్డరిచ్చినవాడు ప్రేరేపించినవాడవుతాడు. సంవత్సరం కింద నక్షత్రం గుర్తుంటే అది హైదరాబాద్ మింట్‌లో అచ్చయిందని తెలుస్తుంది. గేటు ఎలా దాటిందో ఆ గుర్తు చెప్పదు.

మీ దగ్గరున్నవి అమ్మదలిస్తే రెండు వైపులా ఫొటో తీసి, బరువు తూచి (మామూలు బిళ్ళ సుమారు 7.7 గ్రాములు), చిల్లరలో వచ్చిందని రాసి ఇవ్వండి. ఖాయంగా తెలియనిదాన్ని ‘మింట్ తప్పు’ అని హామీ ఇవ్వకండి. అబద్ధమని తెలిసీ చెప్పి అమ్మితే మోసం కేసు అవుతుంది.

ప్రకటన పెట్టాక ‘రిజర్వ్ బ్యాంక్ నుంచి మాట్లాడుతున్నాం, మీ బిళ్ళకి లక్షలిస్తాం, ముందు పన్ను కట్టండి’ అంటూ ఫోన్ రావచ్చు. ఇలాంటి వ్యవహారాలతో తమకి సంబంధం లేదని, ఎలాంటి రుసుమూ అడగమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఒక్క రూపాయి కూడా పంపకండి. పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.