గోలీలు మానొద్దు, వేషమూ మానొద్దు

ప్రశ్న: సారూ, మా పెద్దోనికి ఇరవై రెండేండ్లు. కాలేజీల నాటకాలు మస్తు ఏసేటోడు. నిరుడు డాక్టరు బైపోలార్, అంటే కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు మస్తు దిగులు ఉండే జబ్బు అని చెప్పి లిథియం గోలీలు రాసిండు. ఇప్పుడు రాత్రి పగలు ఫోన్ల పాత షెర్లాక్ హోమ్స్ సీరియల్ చూస్తుండు. అందుల హీరోకు గూడ ఇదే జబ్బట. "జబ్బుతోనే అంత గొప్పగ చేసిండు, గోలీలు మింగితే నాల నటన సచ్చిపోతది" అంటుండు. ఆయనెవరు? ఆ మాట నిజమేనా? – ఒక తల్లి, కాజీపేట

జవాబు: అమ్మా, మీవాడు చూస్తున్నది జెరెమీ బ్రెట్‌ని. బ్రిటన్‌లో గ్రనాడా టెలివిజన్ వాళ్లు 1984 నుంచి 1994 దాకా తీసిన హోమ్స్ అనే డిటెక్టివ్ కథలవి, మొత్తం 41. ఆ వేషం కట్టినోళ్లు ఎందరో ఉన్నరు గానీ నాకు హోమ్స్ అంటే ఆయన మొహమే. హన్మకొండలో ముప్పై ఏండ్లు కాలేజీ పిల్లలతో నాటకాలు ఆడించిన మనిషిగా చెప్తున్న, మీవాడు మెచ్చిన నటుడు నిజంగా గొప్పోడు. కానీ ఆ గొప్పతనం జబ్బుతో వచ్చిందన్న మాట మాత్రం తప్పు.

ఆయన 1933 నవంబర్ 3న వార్విక్‌షైర్‌లో పుట్టిండు. అసలు పేరు పీటర్ జెరెమీ విలియం హగిన్స్. తండ్రి సైన్యంలో కర్నల్. కొడుకు నాటకాల్లోకి పోతానంటే ఇంటిపేరు వాడొద్దన్నడు. అప్పుడా పిల్లగాడు తన మొదటి సూటు లోపల కుట్టిన దర్జీ పట్టీ మీదున్న 'బ్రెట్' అన్న పేరు పెట్టుకున్నడు. మన నిజామాబాద్ దిక్కు చిందు యక్షగానం ఆడిన చిందుల ఎల్లమ్మకు ఆటే ఇంటిపేరు. ఈయనేమో ఆట కోసం ఇంటిపేరే వదులుకున్నడు. ఆ పట్టీ తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు అదోలా అయితది.

పుట్టుకతో ఆయనకు 'ర' పలికేది కాదు. కుర్రతనంలో ఆపరేషన్ అయింది, దాని వెనుక ఏండ్ల తరబడి సాధన చేసిండు. పని ఉన్నా లేకున్నా రోజూ ఉచ్చారణ అభ్యాసం తప్పేది కాదు. దానికి తోడు అక్షరాలు తికమక పెట్టే డిస్లెక్సియా. సినిమాల్లో చిన్నా పెద్దా వేషాలు కట్టిండు. 1964లో 'మై ఫెయిర్ లేడీ'లో ఫ్రెడ్డీ ఆయనే, పాటకు మాత్రం వేరే గొంతు పెట్టిన్రు. 1980లో అమెరికా స్టేజీ మీద హోమ్స్ పక్కనుండే వాట్సన్‌గా కూడా చేసిండు. హోమ్స్ ఏం తింటడు, ఎట్ల కూర్చుంటడు, చేతులు ఎట్ల పెడతడు అని గ్రనాడా వాళ్లు 77 పేజీల ఫైల్ తయారుచేసుకుంటే, దాన్ని వదలకుండా పట్టుకు తిరిగిండు. మీవాణ్ని ఒక్క ఎపిసోడ్ సౌండ్ తీసేసి ఆయన వేళ్లు మాత్రమే చూడమనండి. ఆ వేళ్లకు అంత నేర్పు సాధనతోనే వచ్చింది.

ఇంకో సంగతి. హోమ్స్ సూదితో మత్తుమందు ఎక్కించుకుంటడు కదా. పిల్లలు కూడా సీరియల్ చూస్తున్నరని బ్రెట్‌కు దిగులు పట్టుకుంది. 1988లో వచ్చిన 'డెవిల్స్ ఫుట్' కథలో, సముద్రం ఒడ్డున కూర్చుని ఆ సిరంజిని ఇసుకలో పాతిపెడతడు. అది పుస్తకంలో లేదు. హోమ్స్ కథల రచయిత బిడ్డ జీన్ కానన్ డాయిల్ అనుమతి అడిగి పెట్టించిండు. వెలుగులో ఉన్నప్పుడు కూడా తనను చూసే పిల్లల కోసం ఆలోచించినోడు, ఇయ్యాల మీ కొడుకు గోలీలు పారేస్తానంటే ఒప్పుకుంటడా?

ఇప్పుడు జబ్బు సంగతి. ఆయనకు పేరు తెచ్చిన మొదటి 13 ఎపిసోడ్లు 1985 నాటికే అయిపోయినయి. ఆ ఏడు జులైలో భార్య జోన్ విల్సన్ క్యాన్సర్‌తో పోయింది. తర్వాత మనిషి కూలిపోయిండు, ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. జబ్బు ముదిరిన రోజుల్లో నటన లేదు, మంచమే ఉంది. చికిత్స తీసుకుంటూనే మళ్లీ వచ్చి ఇంకా ఎన్నో కథలు చేసిండు.

మీవాడు చివరి ఎపిసోడ్లలో ఆయన ఉబ్బిన మొహం చూసి భయపడి ఉంటడు. లిథియంతో ఒంట్లో నీరు చేరిన మాట నిజమే. కానీ చిన్నప్పటి రుమాటిక్ జ్వరంతో ఆయన గుండె అప్పటికే దెబ్బతింది, పైన సిగరెట్లు. 1995 సెప్టెంబర్ 12న గుండె ఆగిపోయి పోయిండు, 61 ఏండ్లకు. పోయే ముందు కూడా ఈ జబ్బున్నోళ్ల సంఘానికి సాయం చేయమని రేడియోలో అడిగిండు. జబ్బును దాచుకోలేదు.

నాదొక తప్పు ఉంది, చెప్పుకోవాలె. మా బృందంలో ఒక పిల్లగాడు నాలుగు రాత్రులు నిద్రపోకుండా నాటకమంతా తిరగరాసుకొచ్చిండు. ఎంత హుషారో అని భుజం తట్టిన. వారం తర్వాత రిహార్సల్‌కు రాలేదు. పొగరనుకొని వేషం ఇంకొకరికి ఇచ్చిన. అతని ఇల్లు మా వీధికి రెండు సందుల అవతలే, ఒక్కసారి పోయి తలుపు కొట్టలేదు. ఆ నిద్రలేమి ఈ జబ్బు లక్షణమే అని ఏండ్ల తర్వాత తెలిసింది.

గోలీలతో మందకొడిగా ఉంటే ఆ మాట డాక్టరుకే చెప్పమనండి, మోతాదు సరిచేస్తరు. సొంతంగా ఆపితే జబ్బు తిరగబడతది. చెప్పిన తేదీకి రక్తపరీక్ష తప్పొద్దు. మన ఎండాకాలం సంగతి తెలుసు కదా, ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతది. నొప్పి గోలీలు కూడా అడగకుండా వేసుకోవద్దు. రాత్రిపూట కష్టమైతే మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతరు.

మేము ఆదివారం సాయంత్రాలు హన్మకొండలో రిహార్సల్ పెడుతున్నం. ఒక ముసలి పోస్టుమాన్ వేషం ఖాళీగా ఉంది, నాలుగు డైలాగులే. మీవాణ్ని పంపండి, పత్రిక ఆఫీసులో నా చిరునామా ఇస్తరు. తొమ్మిదిలోపు ఇంటికి పంపిస్త, నిద్ర చెడొద్దు. వచ్చేటప్పుడు నీళ్ల సీసా తెచ్చుకోమనండి.