ఫ్రాటర్నిటీలో చేరితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, మిడ్‌వెస్ట్ వైపు ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ బీఎస్ రెండో ఏడాది చదువుతున్నాడు. బ్యాంకు లోన్ మీదే పంపించాం. ఇప్పుడు ఏదో ఫ్రాటర్నిటీ అనే విద్యార్థి సంఘంలో చేరతానంటున్నాడు. అందులో ఉండి చదువు ముగించుకున్న పాత సభ్యులు నెలనెలా లంచ్ మీటింగ్ పెట్టుకుంటారట, పెద్ద కంపెనీల వాళ్లు గెస్ట్ స్పీకర్లుగా వస్తారట, ఆ పరిచయాలతో ఉద్యోగం తేలికట. మా బావమరిది కొడుకు ఇవేవీ లేకుండానే డల్లాస్‌లో ఇంటర్న్‌షిప్ తెచ్చుకున్నాడు. నేను రోజూ ఫోన్‌లో అడుగుతుంటే వీడు విసుక్కుంటున్నాడు. ఫ్రాటర్నిటీలో చేరనివ్వాలా, ఇంటర్న్‌షిప్ చూసుకోమనాలా? రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, ఈసారి ఫ్రాటర్నిటీ అన్నారు గానీ ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. ఒకరు హ్యాకథాన్ అంటారు, ఒకరు రీసెర్చ్ పేపర్ అంటారు, ఇంకొకరు ఏదో సర్టిఫికెట్ కోర్సు అంటారు. అడిగేది ఏదైనా లోపల ఉన్న టెన్షన్ ఒకటే: ఇంత అప్పు చేశాం, రేపు వాడికి ఉద్యోగం రాకపోతే ఎలా?

ముందు ఆ సంగతి చూద్దాం. రెండో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ లేనంత మాత్రాన మీవాడు వెనకబడినట్టు కాదు. మూడో ఏడాది అయ్యాక వచ్చే వేసవిలోనే చాలామందికి సరైన అవకాశం తగులుతుంది. పైగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ. ఇప్పుడున్న రూల్స్ ప్రకారం చదువు అయ్యాక 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి), ఆపైన మరో 24 నెలల పొడిగింపు అడగొచ్చు. అంటే ఇంకా టైమ్ ఉంది. కాస్త ఊపిరి పీల్చుకోండి.

ఇక ఫ్రాటర్నిటీ. గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే ఈ విద్యార్థి సంఘాలు అక్కడ కొత్తవేమీ కాదు. మొదటిదైన ఫై బీటా కప్పా 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. ఇప్పుడది ప్రతిభను బట్టి ఎంపిక చేసే గౌరవ సంఘం. కలిసి ఒకే ఇంట్లో ఉండటం, పార్టీలు, జీవితాంతం ‘బ్రదర్స్’ అనుకోవడం లాంటివి ఉండేవి వేరు, వాటిని సోషల్ ఫ్రాటర్నిటీలంటారు. మనవాళ్ల పిల్లలు మొదలుపెట్టినవీ ఉన్నాయి. దక్షిణాసియా విద్యార్థుల కోసం 1998లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో డెల్టా ఎప్సిలాన్ సై, మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో బీటా కై థీటా వచ్చాయి.

మీ అబ్బాయి ఊరిస్తున్న ఆ లంచ్ మీటింగ్ ఎలా ఉంటుందో చెబుతాను. ఊళ్లో ఒక హోటల్లోనో క్లబ్‌లోనో బఫే. ఎవరి భోజనం డబ్బులు వాళ్లవే. వచ్చేవాళ్లలో సగానికి సగం రిటైరైన పెద్దమనుషులు. చొక్కాకి తగిలించుకునే బ్యాడ్జీ మీద పేరు కింద డిగ్రీ పాసైన సంవత్సరం ఉంటుంది. కంపెనీ పేరు కంటే ముందు అదే చూసుకుంటారు. పోయినవాళ్లను తలచుకుంటారు, స్కాలర్‌షిప్ చందా ఎంతవరకు వచ్చిందో చెప్పుకుంటారు. ఆ తర్వాత స్పీకర్ ఒక ఇరవై నిమిషాలు మాట్లాడతారు. ఆయన ఒక నెల కంపెనీ డైరెక్టర్ కావచ్చు, ఇంకో నెల రిటైర్డ్ జడ్జి, లేదంటే యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్. కోచ్ వచ్చిన రోజు హాలు నిండిపోతుంది! మన ఊళ్లలో రోటరీ క్లబ్ మీటింగ్ చూశారుగా, ఇంచుమించు అదే. రోటరీ మీటింగ్‌కి ఉద్యోగం కోసం ఎవరైనా వెళ్తారా?

అలాగని అది వృథా అనను. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికిన మగవాళ్ల లెక్క ఉంది. దగ్గరివాళ్ల ద్వారా, అంటే తరచూ కలిసేవాళ్ల ద్వారా దొరికింది సుమారు ఆరుగురిలో ఒకరికే. మిగతావాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు కలిసే ముఖపరిచయస్తులే పని చెప్పారు. కారణం తేలికే. మీ అబ్బాయి రూమ్మేట్లకు తెలిసిన ఖాళీలన్నీ వాడికీ తెలుసు. తెలియనిది చెప్పాలంటే వేరే లోకంలో తిరిగే మనిషి కావాలి. ఆ లంచ్‌లో అలాంటివాళ్లు దొరుకుతారు.

కానీ నాకు అనుమానం ఉన్నది ఇక్కడే. ఈమధ్య ‘నెట్‌వర్కింగ్’ అన్న మాట మంత్రంలా తయారైంది. ఎవర్ని కదిపినా అదే. అమెరికన్ కుర్రాడికి ఈ పరిచయాలు చేసే మేలు వేరు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న మనవాడికి చేసే మేలు వేరు. ఆ పాత సభ్యుల్లో చాలామంది లోకల్ మనుషులు: ఇన్సూరెన్స్ ఏజెన్సీ, కార్ల షోరూమ్, లాయరు ఆఫీసు. తమ కుర్రాడనుకుని ప్రేమగా ఉద్యోగం ఇస్తామన్నా, హెచ్-1బీ ఉద్యోగ వీసా స్పాన్సర్ చేసే అలవాటు, ఓపిక అంత చిన్న ఆఫీసుకు ఉండవు. పెద్ద కంపెనీలకేమో ఆన్‌లైన్ దరఖాస్తులోనే ‘ఇప్పుడు గానీ ఇకమీదట గానీ స్పాన్సర్‌షిప్ కావాలా?’ అన్న ప్రశ్న ఉంటుంది. అక్కడ ఏ బ్రదర్ సిఫార్సూ ఆ గడిని మార్చదు.

ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. భోజనాల దగ్గర ఒక పెద్దాయన భుజం తట్టి, ‘సోమవారం నుంచి మా ఆఫీసుకొచ్చి కంప్యూటర్ పని చూడు’ అంటాడు. ఆయన మనసు మంచిదే. కానీ క్యాంపస్ బయట పని చేయాలంటే సీపీటీ (చదువులో భాగంగా బయట పని చేసే అనుమతి) లాంటిది ముందే చేతిలో ఉండాలి. యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు చెప్పకుండా పనిలో దిగితే వీసాకే ఎసరు. ఆయనకు ఆ రూల్ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మీవాడికి తెలిసి ఉండాలి.

మందు విషయం కూడా దాచను. అక్కడ 21 ఏళ్లు నిండకుండా తాగడం చట్టరీత్యా తప్పు. మద్యం తాగి కారు నడుపుతూ పట్టుబడితే, కేసు తేలకముందే వీసా రద్దయ్యే అవకాశముంది. 2017లో పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫ్రాటర్నిటీలో కొత్త సభ్యుల చేత అతిగా తాగించిన రాత్రి 19 ఏళ్ల కుర్రాడు మెట్ల మీద నుంచి పడి, ఆ దెబ్బలతోనే చనిపోయాడు. అన్ని ఫ్రాటర్నిటీలూ అలాంటివి కావు. ఏవి అలాంటివో చూసుకునే వీలు ఇప్పుడుంది: 2024 డిసెంబర్‌లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, ర్యాగింగ్ చేసినట్టు తేలిన సంఘాల పేర్లు యూనివర్సిటీలు బయటపెట్టాలి. మీవాడు చెప్పిన పేరు ఆ జాబితాలో ఉందేమో ఇద్దరూ కలిసి చూడండి.

ఇప్పుడు మీతో ఒక మాట. కటువుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. రోజూ ఫోన్‌లో ఇంటర్న్‌షిప్ గురించి అడుగుతుంటే వాడు విసుక్కోక ఏం చేస్తాడు? ‘తిన్నావా’ తర్వాత రెండో మాట అదే అయితే, మూడో మాట వాడు చెప్పడు. బావమరిది గారి అబ్బాయి పేరు ఎన్నిసార్లు ఎత్తుంటారో మీకే తెలియాలి. నాకు అర్థమైంది చెబుతాను, తప్పైతే కొట్టిపారేయండి. ‘నాన్నా, ఇక్కడ నాకెవరూ లేరు, స్నేహితులు కావాలి’ అంటే మీరు డబ్బు పంపరని వాడికి తెలుసు. అందుకే ‘ఉద్యోగం’ అన్నాడు. మీతో మాట్లాడాలంటే ఆ మాటే పనికొస్తుందని మీరే నేర్పారు. చలికాలంలో సాయంత్రం ఐదింటికే చీకటి పడే ఊళ్లో, గదిలో ఒంటరిగా ముడుచుకోకుండా నలుగురిలోకి వెళ్తానంటున్న పిల్లాడిని చూసి నేనైతే సంతోషిస్తాను. మీరు భయపడాల్సింది గది దాటని పిల్లల గురించి.

పోల్చి చెప్పమన్నారు కదా. నిజానికి అవి ఒకదానికొకటి పోటీ కావు. ఇంటర్న్‌షిప్‌ను తెచ్చేది కోడింగ్, ప్రాజెక్టులు, వేళకు పెట్టిన దరఖాస్తు. సోషల్ ఫ్రాటర్నిటీ ఇచ్చేది తోడు. ఉద్యోగమే లక్ష్యమైతే ఇంజినీరింగ్ వాళ్ల థీటా టౌ లాంటి ప్రొఫెషనల్ ఫ్రాటర్నిటీలు మేలు. మార్కులు బాగుంటే ఇంజినీరింగ్ గౌరవ సంఘం టౌ బీటా పై సరేసరి. మూడో ఏడాది ఇంజినీరింగ్ విద్యార్థుల్లో మొదటి ఎనిమిదో వంతులో ఉంటేనే అది పిలుస్తుంది. యూనివర్సిటీ కెరీర్ సెంటర్ ఎలాగూ ఉంది. దాని ఖర్చు మీరు కట్టే ఫీజులోనే కలిసి ఉంటుంది, వాడుకోకపోతే మీకే నష్టం.

మాట ఇచ్చేలోపు మీవాణ్ని ఆ లంచ్‌కి ఒకసారి అతిథిగా వెళ్లిరమ్మనండి. సభ్యులు వెంటబెట్టుకెళ్తే చాలాచోట్ల రానిస్తారు. స్పీకర్‌ను అందరి ముందూ పెద్ద ప్రశ్న అడగక్కర్లేదు. ఆయన కోటు వేసుకుని బయల్దేరేటప్పుడు పక్కన నడుస్తూ ఒక్క చిన్న ప్రశ్న అడిగితే చాలు. ఉద్యోగం మాట మాత్రం ఎత్తకూడదు. ఆ రాత్రే రెండు లైన్ల మెయిల్: మీరు చెప్పిన ఫలానా సంగతి నచ్చింది, నేను ఫలానా పని చేసి చూస్తాను. నెల తర్వాత అది నిజంగా చేసి, ఏమైందో మళ్లీ రాయాలి. ఆ రెండో మెయిల్ రాసేవాళ్లు చాలా తక్కువ.

ఆపైన లెక్క అడగండి, నోటిమాట కాదు, కాగితం మీద: చేరే ఫీజు, సెమిస్టర్ ఫీజు, ఇన్సూరెన్స్, ఏడాది పాటు వాళ్ల ఇంట్లోనే ఉండాలన్న నిబంధన ఉంటే దాని అద్దె, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి. ఇప్పుడు కడుతున్న అద్దెతో పోల్చి తేడా ఎంతో మీవాణ్నే వేయమనండి. లోన్ ఎంత మిగిలిందో, నెలకు వడ్డీ ఎంతో మీరూ దాచకుండా చెప్పండి. అప్పటికీ తేలకపోతే మళ్లీ రాయండి, ఈసారి అబ్బాయి చేత రాయించండి.