తేలిన చేపల సంగతి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ చదివాను. దోమలమందు డీడీటీ, ఒకప్పుడు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లలో వాడిన పీసీబీ రసాయనాల వల్ల మన గంజాం తీరంలోని గోపాల్‌పూర్‌లో తెల్లారేసరికి చేపలన్నీ చచ్చి తేలాయని రాశావు. ఒళ్లు మండింది. సముద్రంలో కలిసే కొద్దిపాటి మోతాదులో అవి అలా చంపవమ్మా. నీళ్లలో దాదాపు కరగవు, కొవ్వులో దాక్కుంటాయి. నాచులోంచి కవ్వళ్లలాంటి చిన్నచేపలకి, వాటిలోంచి కోనాంలాంటి పెద్దచేపకి, అక్కణ్ణించి డాల్ఫిన్‌కి చేరేలోపు చక్రవడ్డీలా పెరుగుతాయి. తల్లి డాల్ఫిన్ వాటిని పాలతో పాటు తొలిచూలు పిల్లకి ఇచ్చేస్తుంది. 2016లో స్కాట్లాండ్‌లోని టైరీ దీవికి లులు అనే ఆర్కా తిమింగలం చచ్చి కొట్టుకొచ్చింది. ఒంట్లో విపరీతంగా పీసీబీలు. చంపింది మాత్రం ఒంటికి చుట్టుకున్న వలతాళ్లు. ఈడొచ్చి ఏళ్లయినా దానికి ఒక్క కాన్పూ అయిన జాడ లేదు. కథంటే అదీ!

ఈ చావుల తొందర మీకు సంపాదకులు అలవాటు చేసిందే. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర గుడ్లు పెట్టే తాబేళ్ల మీద నేను రాసిన కథని ఒకాయన "చావు లేనిదే పర్యావరణ కథేమిటండీ" అని తిప్పి పంపాడు. నేను ఒక్క తాబేలునీ చంపలేదు. కథ చాలాకాలం పెట్టెలోనే పడి ఉంది, ఉండనీ అనుకున్నాను. ఇప్పుడు పోటీ కథలు చూడు, మొదటి పేజీలో శవం, చివరి పేజీలో ఊరేగింపు.

నీ కథలో తప్పంతా నెత్తినేసిన ఫ్యాక్టరీ యజమాని కూడా నాకు నచ్చలేదు. మన గంజాం పల్లెల్లో గోడల మీద డీడీటీ తెల్లమరకలు నాకు చిన్నప్పట్నించీ తెలుసు. మలేరియా వాళ్లొచ్చి కొడితే సంతోషించేవాళ్లం. ఇలాంటి విషరసాయనాల్ని అదుపు చెయ్యాలన్న 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం కూడా దోమల్ని చంపడానికని దాన్ని పూర్తిగా ఆపలేదు. పిల్లల్ని జ్వరం నుంచి కాపాడిన మందే సముద్రంలో మిగిలిపోతే తప్పు ఎవరి నెత్తిన వేస్తావు? అది తేల్చకుండా రాయగలవా?

మూడో పేజీలో అత్తగారు బాలింత కోడలికి పాలు పడాలని సొరపుట్టు, అదే సొరచేప పొడికూర, చేస్తుంది. తోలు తీసి, పసుపేసి పిండి, వెల్లుల్లి ఎక్కువ వేసి, తను ముట్టకుండా గిన్నె మొత్తం కోడలి ముందు పెడుతుంది. అక్కడ నాకు గొంతు పట్టేసింది. సొర వేటాడి బతికే చేప. తిన్నవాటి విషం దాని కొవ్వులో పోగవుతుంది. నువ్వేమో ఆ గిన్నెని రెండు వాక్యాల్లో దాటేసి చచ్చిన చేపల దగ్గరికి పరిగెత్తావు. వెనక్కి రా. ఆ వంటింట్లోనే ఉండు. అత్తగారిని దోషిని చెయ్యకు, ఆవిడ నోట పాఠం చెప్పించకు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ముందు ఆ యజమానిని కథలోంచి పంపించు.