ఎన్ని గంటల చదువని అడిగారు... ముందు ఆ మిగిలిపోయిన మందు సీసాల సంగతి చూద్దాం

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు, బరువు 22 కిలోలు. వేసవి సెలవులు వృథా కాకూడదని పొద్దున ఆరున్నరకి అబాకస్, తర్వాత గంటన్నర ట్యూషన్, మధ్యాహ్నం ఆన్‌లైన్ కోడింగ్, నాలుగింటికి డ్రాయింగ్ పెట్టించాం. ఇంట్లో నేనొక గంట లెక్కలు చేయిస్తాను. సాయంత్రం అరగంట ఆడుకుంటాడు. ఆ తర్వాత టీవీ, ఫోను కలిపి మూడు గంటలు. రాత్రి పదకొండు దాటితే గానీ పడుకోడు. చీకటి పడేసరికి తలనొప్పి అంటాడు. ఇంట్లో ఉన్న జ్వరం సిరప్ ఒక స్పూను పోస్తే తగ్గిపోతోంది. కళ్లు నులుముకుంటుంటే పోయినేడాది మిగిలిన చుక్కలు వేస్తున్నాం. రోజుకి ఎన్ని గంటలు చదివించాలి, ఎన్ని గంటలు ఆడనివ్వాలి? చేతిరాత క్లాసులో కూడా చేర్పించమంటారా?
– ఒక తల్లి

డాక్టర్ జవాబు:

అమ్మా, మీరు అడిగింది టైమ్‌టేబుల్ గురించి. నాకు ఆందోళన కలిగించింది మాత్రం మధ్యలో మామూలుగా రాసేసిన రెండు వాక్యాలు: రోజూ తలనొప్పికి స్పూను సిరప్, కళ్లకి పోయినేడాది చుక్కలు. ముందు వాటి గురించే చెప్తాను. బాబుని చూడకుండా రాస్తున్న జవాబు ఇది. పరీక్ష చేసిన డాక్టరు వేరేలా చెప్తే ఆ మాటే వినండి.

మొదట చుక్కల మందు. ఈ రోజే ఆపేయండి, సీసా మాత్రం పారేయకండి. దాని మీద పేరు చదవండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, లోటెప్రెడ్నాల్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. ఎండాకాలంలో పిల్లలకి కంటి అలర్జీ ముదిరినప్పుడు కొద్ది రోజులకని రాస్తాం. వేసిన ఒకటి రెండు రోజుల్లో ఎరుపు, దురద తగ్గిపోతాయి. అందుకే ఇళ్లల్లో దానికి మంచి పేరొస్తుంది, మళ్లీ దురద రాగానే మందుల షాపులో అదే అడిగి తెచ్చుకుంటారు. వారాల తరబడి వాడితే కొందరు పిల్లల్లో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పిల్లాడు ఏమీ చెప్పడు. లోపల కంటి నరం దెబ్బతింటూ పోతుంది, అలా పోయిన చూపు తిరిగి రాదు. శుక్లం కూడా రావచ్చు. అది స్టెరాయిడ్ కాకపోయినా, మూత తీసిన చుక్కల మందు సాధారణంగా నాలుగు వారాలకి మించి వాడకూడదు. పోయినేడాది సీసా కొనలో క్రిములు చేరి ఉండొచ్చు.

ఈ చుక్కలు ఎన్ని రోజులుగా వేస్తున్నారో గుర్తు తెచ్చుకుని, సీసాతో సహా ఈ వారంలోనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కంటి ఒత్తిడి చూడమని మీరే అడగండి. కన్ను బాగా ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకగా ఉందన్నా వారం కాదు, ఆ రోజే వెళ్లాలి. ఈలోగా దురదగా ఉంటే శుభ్రమైన బట్టని చల్లటి నీళ్లలో ముంచి పిండి, మూసిన కళ్ల మీద ఐదు నిమిషాలు పెట్టండి. నులమనివ్వకండి. ఏళ్ల తరబడి గట్టిగా నులిమే పిల్లల్లో నల్లగుడ్డు మీది పొర పలచబడి ముందుకు పొడుచుకొచ్చే ప్రమాదం ఉంది.

అదే రోజు సైట్ పరీక్ష కూడా చేయించండి. సాయంత్రం వచ్చే తలనొప్పికి కళ్లు ఒక కారణం కావచ్చు, అదే కారణమని మాత్రం అనుకోకూడదు. కంప్యూటర్ మిషన్‌లో గడ్డం పెట్టించి రెండు నిమిషాల్లో ఇచ్చే నంబరుతో కళ్లజోడు చేయించేయకండి. పిల్లలు దగ్గరి వస్తువుని చూసేటప్పుడు బిగించే కండరాన్ని పరీక్షలోనూ బిగించేస్తారు, దాంతో లేని సైట్ ఉన్నట్టు రావచ్చు. ఆ కండరం వదులయ్యే చుక్కలు వేసి చూసిందే సరైన నంబరు. ఆ తర్వాత కొన్ని గంటలు, ఒక్కోసారి మర్నాటిదాకా, దగ్గరివి మసకగా కనిపిస్తాయి, వెలుతురు గుచ్చుకున్నట్టుంటుంది. కంగారు పడొద్దు. ఆ రోజు క్లాసులు మాన్పించండి.

ఇక సిరప్. "ఒక స్పూను" అన్నది మోతాదు కాదమ్మా. వంటింటి స్పూన్లలో 3 మి.లీ. పట్టేవీ ఉంటాయి, 7 మి.లీ. పట్టేవీ ఉంటాయి. పైగా జ్వరానికి ఎక్కువగా వాడే పారాసిటమాల్ సిరప్‌లు అన్నీ ఒకటి కావు. కొన్నింటిలో 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. మందుంటే, కొన్నింటిలో 250 మి.గ్రా. ఉంటుంది. మోతాదు బరువుని బట్టి, కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. అంటే 22 కిలోల పిల్లాడికి ఒక విడతకి 220 నుంచి 330 మి.గ్రా. రెండో రకం సిరప్ అయితే 5 మి.లీ.తో సరిపోతుంది. మొదటి రకం అయితే అదే 5 మి.లీ.లో సగం మోతాదే పడుతుంది. తెలియక ఒక సీసా లెక్క ఇంకో సీసాకి వాడితే రెట్టింపూ పడొచ్చు. జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, రెండూ ఒకే రోజు పోస్తే ఆ భారమంతా లివర్ మీదే. విడతకీ విడతకీ కనీసం నాలుగు గంటల ఎడం, 24 గంటల్లో నాలుగు విడతలు మించకూడదు. సీసాతో వచ్చిన కప్పుతోనో, సూది లేని సిరంజితోనో కొలిచి పోయండి.

ఈ లెక్క చెప్పింది రోజూ పోయమని కాదు, పోసింది ఎంతో మీకు తెలియాలని. వారంలో రెండు రోజులకి మించి తలనొప్పి మందు అవసరమవుతోందంటే అది డాక్టరుకి చూపించాల్సిన తలనొప్పి. నెలకి పదిహేను రోజుల పైన, మూడు నెలల పాటు ఇలా వాడితే మందు వల్లే తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడవచ్చు. డాక్టర్ చెప్పకుండా ఆస్పిరిన్ ఇవ్వనే వద్దు. ఎండలో ఆడి నీళ్లు సరిగ్గా తాగని పిల్లాడికి ఐబుప్రొఫెన్ అనే నొప్పి మందు కిడ్నీల మీద భారం. త్వరగా నిద్రపోతాడని జలుబు సిరప్ పోసే అలవాటు కూడా కొన్ని ఇళ్లల్లో చూస్తుంటాం. మీరు రాయలేదు, అయినా చెప్తున్నాను: వద్దు.

కొన్ని లక్షణాలు ఉంటే ఈ జవాబు చదవడం ఆపి ఆసుపత్రికి బయల్దేరండి. నిద్రలోంచి లేపే తలనొప్పి, పొద్దున్నే తలనొప్పితో వాంతులు, నడకలో తూలడం, వస్తువులు రెండుగా కనిపించడం, కొత్తగా మెల్ల రావడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, తలకి దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, మూర్ఛ, ఉన్నట్టుండి మాటలో ప్రవర్తనలో మార్పు. మీరు ఇవేవీ రాయలేదు. రాయనంత మాత్రాన లేవని నేను అనుకోలేను, ఒకసారి గమనించండి.

ఇప్పుడు మీ ప్రశ్న. మీరు రాసినదాన్నే లెక్క వేద్దాం. ఆరున్నర క్లాసుకి ఆరింటికైనా లేవాలి. పదకొండుకి పడుకుంటున్నాడు. నిద్ర ఏడు గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి 9 నుంచి 12 గంటలు కావాలి. క్లాసులు ఒక్కొక్కటి గంట చొప్పున వేసుకున్నా ట్యూషన్, మీ లెక్కలతో కలిపి ఐదున్నర గంటలు. స్క్రీన్ మూడు గంటలు, కోడింగ్ కలిపితే నాలుగు. ఆరుబయట అరగంట. ఎక్కువసేపు దగ్గరి చూపు, తక్కువ నిద్ర, ఉక్క, నీళ్లు మర్చిపోవడం... చీకటి పడేసరికి తలనొప్పి రావడానికి ఇవి చాలు. మందు పోస్తే నొప్పి తగ్గుతుంది, ఈ లెక్క మారదు.

అందుకే గంటలు పంచడం చదువు నుంచి కాదు, నిద్ర నుంచి మొదలుపెట్టండి. పొద్దున్నే ఉండే ఆ అబాకస్ క్లాసు మాన్పించండి, లేదా వేళ మార్పించండి. పడుకునే వేళని ఒక్కరోజులో తొమ్మిదిన్నరకి జరపలేరు, పిల్లాడు మంచం మీద దొర్లుతాడు, మీరు కోప్పడతారు. రెండు రోజులకోసారి పావుగంట ముందుకి జరపండి. పన్నెండు రోజుల్లో పదకొండు కాస్తా తొమ్మిదిన్నర అవుతుంది. లేచే వేళ ఏడుకి స్థిరంగా ఉంచండి, ఆదివారమైనా అంతే. పడుకోవడానికి గంట ముందు టీవీ, ఫోను ఆపాలి. ఫోను పిల్లాడు పడుకునే గదిలో ఉండకూడదు.

తర్వాత ఆరుబయట సమయం. రోజుకి రెండు గంటలు. ఒకేసారి అక్కర్లేదు. పొద్దున గంట, సాయంత్రం గంట. ఇది సరదా కోసం మాత్రమే చెప్పడం లేదు. గదిలో వెలుతురు కొన్ని వందల లక్స్‌కి (వెలుతురుని కొలిచే ప్రమాణం) మించదు, బయట చెట్టు నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది. ఆ వెలుతురు పడ్డప్పుడు కంటి లోపలి పొర రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు అవసరానికి మించి పొడవు సాగకుండా ఆపుతుందని భావిస్తున్నాం. పొడవు సాగడమే దూరపు చూపు మసకబారడానికి మూలం. ఒకసారి సాగిన గుడ్డు మళ్లీ పొట్టి కాదు. కాబట్టి ఎండలోనే నిలబెట్టక్కర్లేదు, నీడైనా చాలు. సైట్ ఇప్పటికే వచ్చి ఉంటే ఆటతో పోదు, కళ్లజోడు పెట్టాల్సిందే.

ఆ రెండు గంటల్లో కనీసం గంటసేపు గుండె వేగంగా కొట్టుకునేలా, ఒళ్లు చెమట పట్టేలా ఆడాలి. పరుగు, తాడాట, సైకిలు, ఏదైనా సరే.

ఆట అంటే ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది డ్రాయింగ్ క్లాసుని ఆట ఖాతాలో వేసేస్తారు. పెద్దవాళ్లు నేర్పేది, వేళకి మొదలై వేళకి ముగిసేది, బాగా చేశావా లేదా అని చూసేది క్లాసే. ఏం ఆడాలి, ఎలా ఆడాలి, ఎప్పుడు ఆపాలి అన్నది పిల్లాడే నిర్ణయించుకుంటే అది ఆట. నియమాలు తనే పెడతాడు, అవతలివాడు ఒప్పుకోడు, గొడవ పడతారు, ఓ మెట్టు దిగుతారు, మళ్లీ మొదలుపెడతారు. తన వంతు కోసం ఆగడం, ఓడిపోతే తట్టుకోవడం, ముందు ఆలోచించి తర్వాత చేయడం అక్కడ అలవడతాయి. ఆడుకునే హక్కుని 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోనే 31వ అధికరణంగా రాశారు.

ఇలాంటి ఆటకి రోజుకి రెండు మూడు గంటలు ఖాళీ ఉంచండి. ఆరుబయట సమయం కూడా ఇందులోదే. అట్టపెట్టెలు, పాత దుప్పటి, సుద్దముక్కలు, బకెట్టు నీళ్లు, మట్టి ఇస్తే చాలు. మొదటి మూడు నాలుగు రోజులు "బోర్ కొడుతోంది" అని మీ చుట్టూ తిరుగుతాడు. తప్పు చేస్తున్నామేమో అనిపించి చాలామంది తల్లిదండ్రులు ఫోను ఇచ్చేసేది సరిగ్గా అక్కడే. ఇవ్వకండి. ఇరవై నిమిషాలో అరగంటో ఓపిక పట్టండి, వాడే ఏదో ఒకటి మొదలుపెడతాడు. మీరు పిలిస్తే పలికేంత దూరంలో ఉండండి, మధ్యలో వెళ్లి "ఇవి ఎన్నున్నాయో లెక్కపెట్టు" అనకండి. తాడు మెడకి చుట్టుకునే ఆటలు మాత్రం వెంటనే ఆపాలి. నీళ్ల దగ్గరైతే, అది ఎంత లోతు తక్కువైనా, చేయి చాస్తే అందేంత దగ్గరలో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి.

చదువు గంట నుంచి గంటన్నర చాలు. పొద్దున టిఫిన్ అయ్యాక ఇరవై ఐదు నిమిషాలు తనకి నచ్చిన పుస్తకం చదవనివ్వండి, బొమ్మల కథలైనా సరే. విరామం ఇచ్చాక ఇరవై నిమిషాలు లెక్కలు, అదీ పోయినేడాది తడబడిన చోటే. కొత్త తరగతి పాఠాలు ఇప్పుడే మొదలుపెట్టకండి. పుస్తకం కళ్లకి 30 నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, అంటే మోచేతి నుంచి పిడికిలి దాకా ఉన్నంత, ఇంకాస్త ఎక్కువైతే మరీ మంచిది. పడుకుని చదవనివ్వొద్దు. ప్రతి ఇరవై నిమిషాలకోసారి లేచి కిటికీలోంచి దూరంగా చూడాలి. క్లాసుల్లో ఒక్కటి ఉంచండి. ఏది ఉంచాలో బాబునే అడగండి. చేతిరాత క్లాసు వద్దు. రోజుకి పది నిమిషాలు ఇంట్లో రాయించండి. పెన్సిలు పట్టుకుంటే చెయ్యి నొప్పి అంటున్నాడా, అక్షరాలు తిరగేసి రాస్తున్నాడా చూడండి. ఉంటే అది క్లాసుతో పోయేది కాదు, డాక్టరుకి చెప్పాలి.

ఎండ గురించి ఒక్క మాట, ఇదీ సిరప్‌తో ముడిపడ్డదే. పదకొండు నుంచి నాలుగు దాకా బయటి ఆట వద్దు. ఆడేటప్పుడు ఇరవై నిమిషాలకోసారి ఒక చిన్న గ్లాసు, సుమారు 150 మి.లీ. నీళ్లు, దాహం అన్నా అనకపోయినా తాగించండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదు. ఓఆర్ఎస్ కలిపితే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. లీటరు ప్యాకెట్‌ని గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది. ఒళ్లు కాలిపోతూ పిల్లాడు తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అక్కడ పారాసిటమాల్ పని చేయదు. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుతుంది, ఆ మందు దాన్ని దించుతుంది. వడదెబ్బలో వేడి బయటి నుంచి చేరింది, మందు దించగలిగేది ఏమీ లేదు, అప్పటికే దెబ్బతింటున్న లివర్‌కి అదనపు భారం తప్ప. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ గట్టిగా విసరండి, అంబులెన్స్‌కి ఫోన్ చేయించండి. స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో ఏమీ పోయకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోగా ఒక నోటుపుస్తకంలో రోజూ ఐదు విషయాలు రాయండి: నొప్పి ఎన్నింటికి మొదలైంది, తలలో ఎక్కడ, అంతకుముందు గంటలో ఏం చేస్తున్నాడు, ముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయాడు, మందు ఎన్ని మి.లీ. పోశారు. నొప్పి అనగానే మందు సీసా తీయకుండా ముందు నీళ్లు తాగించి, ఏమైనా తినిపించి, చీకటి గదిలో అరగంట పడుకోబెట్టండి. దాంతోనే తగ్గితే అదీ రాయండి. స్కాన్‌లు, రక్తపరీక్షలు మీ అంతట మీరు చేయించుకుని వెళ్లకండి. ఆ నోటుపుస్తకం, సిరప్ సీసా, చుక్కల సీసా తీసుకెళ్లండి. వారంలోగా వెళ్లండి, స్కూళ్లు తెరిచేదాకా ఆగొద్దు.