ప్రోస్టేట్‌కు లేజర్: అది ఏ లేజరో ముందు అడగండి

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. స్కాన్‌లో ప్రోస్టేట్ 92 సీసీ ఉందన్నారు. రెండేళ్లుగా టామ్సులోసిన్, డ్యుటాస్టరైడ్ వాడుతున్నారు. పోయిన నెల మూత్రం పూర్తిగా ఆగిపోతే గొట్టం వేశారు. తీసి చూశారు, మళ్లీ ఆగిపోయింది. గుండెకు స్టెంట్ వేసి మూడేళ్లయింది, రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నారు. ఒక డాక్టరు టీయూఆర్‌పీ (మూత్రమార్గం గుండా పరికరం పంపి గ్రంథిని కోసి తీసే ఆపరేషన్) చేద్దామంటున్నారు, మరొకరు లేజర్ అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: మందులు వాడుతుండగానే మూత్రం ఆగి, గొట్టం తీశాక మళ్లీ ఆగిందంటే ఆపరేషన్ అవసరమయ్యే పరిస్థితే. అయితే ‘లేజర్’ అన్న మాటతో తృప్తిపడకండి. ఆ పేరుతో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి.

ఒకటి, గ్రంథి కణజాలాన్ని ఆవిరి చేయడం. ఇందుకు ఎక్కువగా 532 నానోమీటర్ల గ్రీన్ లేజర్ వాడతారు. ఆ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది కాబట్టి రక్తస్రావం తక్కువ. లోపం ఏమిటంటే, ఆవిరైపోయాక బయాప్సీకి పంపడానికి ముక్క మిగలదు. గ్రంథి పెద్దదైతే చాలాసేపు పడుతుంది, కొంత లోపలే మిగిలిపోయే అవకాశమూ ఉంటుంది.

రెండోది, పెరిగిన భాగాన్ని మొత్తంగా ఒలిచి తీయడం. హోల్మియంతో చేస్తే హోలెప్, థూలియంతో చేస్తే థూలెప్ అంటారు. కమలాపండు తొక్కను అలాగే ఉంచి, లోపలి తొనలను వేలితో విడదీసినట్టు ఉంటుంది ఈ పని. హోల్మియం కిరణాన్ని నీరు పీల్చుకుంటుంది. అది కణజాలంలోకి అర మిల్లీమీటరు కూడా దిగదు కాబట్టి పొర వెంబడి కచ్చితంగా విడదీయవచ్చు. విడిపోయిన గ్రంథి భాగాలను మూత్రాశయంలోకి నెట్టి, మార్సిలేటర్ అనే పరికరంతో తురిమి బయటికి లాగుతారు. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మూత్రాశయం నిండుగా లేకపోయినా, రక్తంతో లోపల మసకగా ఉన్నా, ఆ బ్లేడు మూత్రాశయం గోడను పట్టేసే ప్రమాదం ఉంది. అందుకే ముందు రక్తస్రావాన్ని పూర్తిగా ఆపి, సెలైన్‌తో మూత్రాశయాన్ని నింపాకే మార్సిలేటర్ పెట్టాలి. ఈ పద్ధతి నేర్చుకోవడానికి సర్జన్‌కు చాలా కేసులు పడుతుంది. ‘మీరు ఇలాంటివి ఎన్ని చేశారు?’ అని అడగడంలో తప్పేమీ లేదు, తప్పక అడగండి.

టీయూఆర్‌పీ పాతదే అయినా మంచి ఆపరేషన్. సాధారణంగా 30 నుంచి 80 సీసీ వరకు బాగా పనికొస్తుంది. 92 సీసీ దగ్గర కోయడానికి ఎక్కువసేపు పడుతుంది, రక్తమూ ఎక్కువ పోతుంది. పాత మోనోపోలార్ పద్ధతిలో గ్లైసిన్ ద్రవం ఒంట్లోకి ఇంకి, రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం కూడా ఉంది. లేజర్‌కూ, బైపోలార్ టీయూఆర్‌పీకీ సెలైన్ వాడతారు కాబట్టి ఆ భయం ఉండదు. కానీ సెలైన్ అయినా ఎక్కువగా ఇంకితే గుండెకు భారమే. స్టెంట్ ఉన్న సంగతి మత్తు డాక్టరుకు తప్పనిసరిగా చెప్పండి.

గ్రంథి సైజు చూస్తే, అనుభవమున్న సర్జన్ దొరికితే మీ నాన్నగారికి ఒలిచి తీసే పద్ధతే మేలని మా అభిప్రాయం. ఆయన వేసుకునేది ఆస్పిరిన్ ఒక్కటే అయితే చాలాసార్లు ఆపకుండానే చేస్తారు. క్లోపిడోగ్రెల్ లాంటివి ఉంటే ఎప్పుడు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో గుండె డాక్టరే తేల్చాలి. మీ అంతట మీరు ఒక్క పూట కూడా మానిపించకండి.

ఇంకో రెండు విషయాలు. డ్యుటాస్టరైడ్ ఆరు నెలలు దాటి వాడితే పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం చూసే రక్తపరీక్ష అంకె) దాదాపు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 అని ఉంటే అసలు విలువ 6 అన్నట్టు చూడాలి. క్యాన్సర్ అనుమానం తీరాకే ఆపరేషన్‌కు వెళ్లాలి. గొట్టం ఉండగా మూత్రం కల్చర్ కూడా చేయించి, సూక్ష్మజీవులు ఉంటే ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. రెండోది, చాలాకాలంగా షుగర్ ఉన్నా, పార్కిన్సన్స్ ఉన్నా మూత్రాశయం కండరమే బలహీనపడి ఉండొచ్చు. అడ్డు తీసినా నెట్టే బలం లేకపోతే ధార రాదు. ఆ అనుమానం ఉంటే మూత్రాశయం నెట్టే బలాన్ని కొలిచే యూరోడైనమిక్ పరీక్ష అడగండి. లేజర్ ‘ఫెయిలయింది’ అని బాధపడేవారిలో కొందరి సమస్య నిజానికి ఇదే.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. హోలెప్ చేయించుకుని 12 రోజులైంది. మూత్రం తేటగా వస్తూ వస్తూ, నిన్న మళ్లీ ఎర్రగా వచ్చింది. దగ్గితే చుక్కలు పడుతున్నాయి. ఆపరేషన్ పాడైందా?

జవాబు: పాడవలేదు. లోపలి పుండు మీద కట్టిన చెక్కు రెండో వారం ప్రాంతంలో ఊడుతుంది, అప్పుడు ఒకటి రెండు రోజులు ఎరుపు కనిపించడం మామూలే. గుండె, కిడ్నీ డాక్టర్లు నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే రోజుకు రెండు, రెండున్నర లీటర్లు తాగండి. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే మళ్లీ రక్తం వస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తడం, సైకిల్ తొక్కడం మానండి. రక్తపు గడ్డలు పడినా, మూత్రం ఆగిపోయినా, చలితో జ్వరం వచ్చినా మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

చుక్కలు పడటానికి కారణం ఉంది. ఇన్నేళ్లూ పెరిగిన గ్రంథే దారికి అడ్డుగా నిలబడింది, మూత్రాన్ని పట్టి ఉంచే కండరానికి పెద్దగా పని పడలేదు. ఇప్పుడు భారమంతా దాని మీదే పడింది. అపానవాయువును ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్ని 5 సెకన్లు బిగించి, 10 సెకన్లు వదలండి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలా చేయండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయవద్దు. చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో తగ్గుతుంది. కొన్ని నెలల తర్వాత ధార మళ్లీ సన్నబడితే మాత్రం మూత్రమార్గం గానీ, మూత్రాశయం మెడ గానీ మచ్చకట్టి ఇరుకైందేమో చూపించుకోవాలి.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. లేజర్ తర్వాత దాంపత్య జీవితం దెబ్బతింటుందా? ఇక క్యాన్సర్ భయం ఉండదంటున్నారు, నిజమేనా?

జవాబు: అంగస్తంభన సాధారణంగా అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. వీర్యం మాత్రం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. ఒలిచి తీసే పద్ధతిలో ఎక్కువమందికి ఇలాగే జరుగుతుంది, చాలావరకు శాశ్వతం. తృప్తి ఉంటుంది, ఆరోగ్యానికి హాని లేదు. పిల్లలు కావాలనుకునేవారు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

రెండోది నిజం కాదు. తీసేది లోపలి పెరుగుదలనే, తొక్కలాంటి వెలుపలి భాగం అలాగే ఉంటుంది. క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది ఆ భాగంలోనే. ఆపరేషన్ తర్వాత పీఎస్ఏ బాగా పడిపోతుంది. ఆపరేషన్ అయిన మూడు నెలలకు ఆ పరీక్ష చేయించి, వచ్చిన అంకె రాసిపెట్టుకోండి, అదే మీ కొత్త కొలత. ఆ తర్వాత పరీక్షల్లో అది పెరుగుతూ పోతుంటే, ల్యాబు కాగితం మీద ‘4 లోపు నార్మల్’ అని ఉన్నా సరే, డాక్టరుకు చూపించాలి.