డబ్బు కట్టే ముందు కళ్లు చూపించండి

ప్రశ్న: మేము అల్వాల్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. పదహారు నిండాయి. చిన్నప్పటి నుంచి డాబా ఎక్కి హకీంపేట విమానాలు చూస్తూ పెరిగింది. ఇప్పుడు ఫైటర్ పైలట్ తప్ప ఇంకేదీ వద్దంటోంది. ఒక కోచింగ్ సంస్థ వాళ్లు ఎన్‌డీఏ (సైనిక అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్షకు రెండేళ్ల శిక్షణ పేరిట 1,80,000 రూపాయలు ఒకేసారి కట్టమంటున్నారు. నాకు సమ్మతమే. వాళ్లమ్మ మాత్రం ప్రాణాలతో చెలగాటం అంటూ ఒప్పుకోవడం లేదు. అమ్మాయి ఎత్తు 166 సెంటీమీటర్లు, ఆరోగ్యం బాగుంటుంది. కొద్దిగా సైటు ఉంది, క్లాసులో బోర్డు చూడటానికి కళ్లజోడు పెట్టుకుంటుంది. పద్దెనిమిది నిండగానే లేజర్ చేయిద్దామనుకుంటున్నాం. మీ సలహా ఏమిటి?
– ఒక తండ్రి, సికింద్రాబాద్

జవాబు: మీ ఉత్తరంలో అన్నింటికన్నా పెద్ద విషయాన్ని మీరు చివర్లో, అదేదో చిన్న సంగతి అన్నట్టు రాశారు. ఆ 'కొద్దిగా సైటు' దగ్గరే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఎన్‌డీఏ ద్వారా ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ విభాగానికి వెళ్లాలంటే కళ్లజోడు లేకుండా ఒక కంటికి 6/6, రెండో కంటికి కనీసం 6/9 చూపు ఉండాలి. ఆ రెండో కన్ను అద్దంతో 6/6కి రావచ్చు గానీ, అది ప్లస్ పవర్ అద్దం అయి ఉండాలి. దూరంలోనివి మసకగా కనిపించే మైనస్ సైటుకు అక్కడ చోటు లేదు. బోర్డు కనిపించడం లేదంటే మీ అమ్మాయిది మైనస్ సైటే అయి ఉండవచ్చు.

ఇప్పుడే నిరాశపడకండి. గంటల తరబడి పుస్తకానికీ ఫోనుకూ అతుక్కుపోయే పిల్లల్లో కంటి లోపలి కండరం బిగుసుకుపోయి, లేని మైనస్ పవర్ ఉన్నట్టు కనిపించడం కూడా ఉంది. కళ్లద్దాల దుకాణంలో కంప్యూటర్ పరీక్షకు అది తేలదు. చుక్కల మందు వేసి, ఆ కండరం సడలాక చూస్తేనే అసలు లెక్క తెలుస్తుంది. మెహిదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రికో, బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికో తీసుకెళ్లి, ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ కోసమని స్పష్టంగా చెప్పి పరీక్ష చేయించండి. రంగులు గుర్తించే పరీక్ష కూడా అదే రోజు అయిపోవాలి. ఎన్నో ఏళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడు రెండేళ్లు కోచింగ్ తీసుకుని, రాత పరీక్షా ఇంటర్వ్యూ దాటి, మెడికల్‌లో ఎరుపు ఆకుపచ్చల దగ్గర ఆగిపోయాడు. పది నిమిషాల పరీక్ష ముందే చేయించి ఉంటే వాడికి రెండేళ్లు మిగిలేవి.

ఎత్తు విషయంలో దిగులు లేదు, కావలసింది దాదాపు 163 సెంటీమీటర్లు. ఇంట్లో టేపు ఉంటే మరో మూడు కొలతలు తీయండి: కాలి పొడవు 99 నుంచి 120 మధ్య, కూర్చున్నప్పుడు ఎత్తు 81.5 నుంచి 96 మధ్య ఉండాలి, తొడ పొడవు 64 దాటకూడదు. కాక్‌పిట్ మన ఒంటికి కుట్టించుకునే చొక్కా కాదు. ప్రమాదంలో సీటుతో సహా బయటికి ఎగిరిపోవలసి వస్తే ముందున్న పలకకు మోకాళ్లు తగలకుండా రావాలి.

ఇక లేజర్ మాట. పద్దెనిమిదికి చేయించకండి! కంటి లేజర్ చేయించుకున్నవారిని ఎన్‌డీఏ స్థాయిలో ఎయిర్‌ఫోర్స్ తీసుకోదు. డిగ్రీ తర్వాతి ప్రవేశాల్లో తీసుకుంటుంది గానీ, ఆ శస్త్రచికిత్స ఇరవై ఏళ్లు నిండాకే జరిగి ఉండాలి. తర్వాత ఇబ్బందులేవీ లేకుండా కనీసం ఏడాది గడవాలి, అంతకుముందు పవర్ 6 దాటి ఉండకూడదు, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు. మంచి చేస్తున్నామనుకుని రెండేళ్లు తొందరపడితే ఆ రెండో తలుపు కూడా మీ చేతులతోనే మూసినట్టవుతుంది. ఈ నిబంధనలను అప్పుడప్పుడు సవరిస్తుంటారు కాబట్టి దరఖాస్తు పెట్టే ఏడాది నోటిఫికేషన్‌లో వైద్య ప్రమాణాల అనుబంధాన్ని మీరే చదవండి. చుట్టాలు చెప్పింది వద్దు, కోచింగ్ సంస్థ చెప్పింది అసలే వద్దు.

కళ్లు బాగున్నాయని తేలితే దారి ఎన్‌డీఏ. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య, ఇంటర్‌లో గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. రెండో ఏడాది చదువుతూనే రాయవచ్చు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600, ఆపై సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్ఎస్‌బీ) ఇంటర్వ్యూకు 900 మార్కులు. అంటే రాసిందంతా ఒక ఎత్తు, అయిదు రోజుల ఆ పరీక్ష ఒక్కటీ ఒక ఎత్తు. ఇటీవలి నోటిఫికేషన్లలో ఒక్కో విడతకు ఫ్లయింగ్ సీట్లు 92, దేశమంతటికీ కలిపి. అమ్మాయిలు ఈ పరీక్ష రాయగలుగుతున్నది 2021లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాతే. వారి మొదటి జట్టు, 17 మంది, 2025 మేలో ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏ నుంచి బయటికి వచ్చింది.

మైనస్ సైటు నిజమేనని తేలితే డిగ్రీ దాకా ఆగాలి. డిగ్రీవాళ్లకు ఎయిర్‌ఫోర్స్ పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్షకు వయసు 20 నుంచి 24, డిగ్రీలో 60 శాతం మార్కులు కావాలి. ఏటా రెండుసార్లు జరుగుతుంది. ఇరవై దాటాక లేజర్, ఏడాది విరామం, ఆపై రెండు మూడేళ్ల అవకాశం. లెక్క ఇరుకే, అయినా సరిపోతుంది. ఈ దారిలో ఉద్యోగం పద్నాలుగేళ్లు, పెన్షన్ ఉండదు. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే చేరమనండి. 'సి' సర్టిఫికెట్‌తో నేరుగా ఇంటర్వ్యూకు వెళ్లే వీలుంది.

ఏ దారిన వెళ్లినా ఒక గడప దగ్గర జాగ్రత్త. పైలట్‌గా పనికివస్తారా లేదా అని కంప్యూటర్ మీద పెట్టే పరీక్ష ఉంది, సీపీఎస్ఎస్ అంటారు. జీవితంలో ఒక్కసారే. తప్పితే ఫ్లయింగ్ విభాగం శాశ్వతంగా మూసుకుపోతుంది. 'ఒకసారి రాసి చూస్తే పోయేదేముంది' అని మనం పిల్లలకు అలవాటుగా చెప్తాం కదా, ఇక్కడ పోతుంది. నిద్రలేని కళ్లతో, జ్వరంతో అక్కడ కూర్చోకూడదు.

'ఫైటర్ తప్ప వద్దు' అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఫైటర్ పైలట్ ఉద్యోగానికి దరఖాస్తు అంటూ ఉండదు. ఫ్లయింగ్ విభాగానికే పెట్టుకుంటారు. దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పిలాటస్ విమానం మీద మొదటి దశ శిక్షణ అయ్యాక, ఎవరు ఫైటర్లకు, ఎవరు రవాణా విమానాలకు, ఎవరు హెలికాప్టర్లకు అన్నది ఎయిర్‌ఫోర్సే తేలుస్తుంది. ఫైటర్ వచ్చినవారు తర్వాత బీదర్ లాంటి చోట హాక్ శిక్షణ జెట్ నడిపి, ఆపైనే స్క్వాడ్రన్‌కు, అంటే యుద్ధవిమానాల దళానికి చేరతారు. సికింద్రాబాద్‌లో పుట్టిన ఫాలీ హోమీ మేజర్ (మేజర్ అన్నది ఇంటిపేరు, హోదా కాదు) హెలికాప్టర్ పైలట్. 2007లో ఆయన వాయుసేనాధిపతి అయ్యారు, హెలికాప్టర్ల నుంచి ఆ పదవికి వచ్చిన మొదటివారు. హెలికాప్టర్ ఇస్తే మీ అమ్మాయి సంతోషంగా నడుపుతుందా? అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోయినా ఫర్వాలేదు.

అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకండి. 2023 డిసెంబర్ 4న దుండిగల్ నుంచి వెళ్లిన శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలి లోపలి ఇద్దరూ చనిపోయారు. మీ ఇంటికి అది ఎంత దూరమో ఆమెకు తెలుసు. ప్రమాదం లేదని నేను రాస్తే అబద్ధం అవుతుంది. ఆమెకు చెప్పదగింది ఆ ఉద్యోగం అసలు ఎలా గడుస్తుందన్నది. గంట ఎగరడానికి ముందు అంతకన్నా ఎక్కువసేపు వాతావరణం, ఇంధనం, ఏదైనా చెడిపోతే ఏం చేయాలన్నది మాట్లాడుకుంటారు. దిగాక ఎవరు ఎక్కడ తప్పు చేశారో హోదా చూడకుండా తేల్చుకుంటారు. తెగువ ఒక్కటే ఉన్నవాళ్లకు ఇది సరిపడదు. గట్టిగా మలుపు తిప్పినప్పుడు శరీరం బరువు ఎనిమిది తొమ్మిది రెట్లు అవుతుంది. 55 కిలోల అమ్మాయి ఆ క్షణాన దాదాపు 500 కిలోలు! రక్తం తలకు చేరక కళ్లు చీకట్లు కమ్ముతాయి. కాళ్లూ పొట్టా బిగించి, ఊపిరి పట్టి విడిచే పద్ధతిని అందుకే నేర్పుతారు. మరి ఆడపిల్ల మాటంటారా, 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా పట్టా అందుకున్నది మీ ఇంటికి అంత దూరంలో లేని దుండిగల్‌లోనే.

ఒక్కటి మాత్రం అమ్మగారు ముందే తెలుసుకోవాలి. హైదరాబాద్ చుట్టూ ఉన్నవి శిక్షణ కేంద్రాలు. ఉద్యోగం అంబాలాలోనో జోధ్‌పూర్‌లోనో తేజ్‌పూర్‌లోనో, రెండు మూడేళ్లకోసారి మూటాముల్లె సర్దుకుంటూ.

జీతం సంగతి మీరు అడగలేదు, అయినా చెప్తాను. మూలవేతనం 56,100, మిలటరీ సర్వీస్ పే 15,500, వీటి మీద కరువు భత్యం, విడిగా ఫ్లయింగ్ అలవెన్సు. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే, ఎన్‌డీఏలో ఉన్నప్పుడు చేతిఖర్చులు మాత్రం మీరు చూసుకోవాలి.

కోచింగ్ విషయానికి వస్తే, ఎంపీసీ సరిగ్గా చదివే పిల్లకు ఎన్‌డీఏ గణితం కొత్తేమీ కాదు. మన పిల్లలు వెనకబడేది ఇంగ్లిష్‌లో తడబడకుండా నాలుగు నిమిషాలు మాట్లాడటంలో, పదిమందితో కలిసి పనిచేయడంలో. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా బెంచీకి కట్టేసే కాలేజీలు ఇవి నేర్పవు. రోజూ ఇంగ్లిష్ పేపరు, సాయంత్రం పరుగు, ఒక జట్టు ఆట, వీలైతే ఈత చాలు. పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎస్ఎస్‌బీ పిలుపు వచ్చాక రెండు వారాల శిక్షణ కావాలంటే అప్పుడు చూద్దాం.

చుక్కల మందు వేసి చేసిన పరీక్ష రిపోర్టు, ఆ మూడు కొలతలు, హెలికాప్టర్ ప్రశ్నకు అమ్మాయి ఏమన్నదీ రాసి పంపండి. అప్పటిదాకా ఆ లక్షా ఎనభై వేలు బ్యాంకులోనే ఉండనివ్వండి.